గాంధీ గారి తిండి గోల

హాస్టల్లో చేరిన మొదటి వారం గుర్తుందా? ఇంటి నుంచి తెచ్చుకున్న సున్నుండలు, జంతికలు, ఆవకాయ సీసా మంచం కింద దాచుకుని, మెస్‌లో సగం తిని లేచొచ్చి, రాత్రి పదకొండింటికి ఆ డబ్బా మూత తీసిన రోజులు? సరిగ్గా ఇదే పని 1888లో ఓ పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఓడలో చేశాడు. బారిస్టర్ చదువు కోసం బొంబాయి నుంచి లండన్ వెళ్తున్నాడు. పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ.

స్కూల్లో మనకి గాంధీ అంటే ఉప్పు, రాట్నం, కళ్లజోడు. ఆయన జీవితంలో మొదటి నుంచి చివరి దాకా నడిచిన ఇంకో కథ ఉంది. అది తిండి కథ. ఏం తినాలి, ఎంత తినాలి, ఊళ్లు తిరిగేటప్పుడు ఒంటిని ఎలా కాపాడుకోవాలి అని ఆయన అరవై ఏళ్ల పాటు తన మీదే ప్రయోగాలు చేసుకున్నారు. ఇవాళ హెల్త్ కోచ్ అంటున్నామే, ఆ పేరు లేని రోజుల్లో ఆ పని చేశారు. ఎన్నిసార్లు బోల్తా పడ్డారో కూడా దాచుకోలేదు. అందుకే ఈ కథ మనకి పనికొస్తుంది.

ఓడలో, లండన్‌లో

బయల్దేరే ముందు తల్లి పుత్లీబాయికి మాటిచ్చాడు. మాంసం ముట్టను, మద్యం తాగను, పరస్త్రీ జోలికి వెళ్లను అని ఒక జైన సన్యాసి ఎదుట ప్రమాణం. అంతకు ముందు ఊళ్లో ఒక స్నేహితుడి మాట విని, ఇంగ్లీషువాళ్లలా బలం వస్తుందని దొంగచాటుగా మేకమాంసం తిన్న చరిత్ర కూడా ఉంది. ఆ రాత్రి కడుపులో మేక అరుస్తున్నట్టు అనిపించి నిద్రపట్టలేదట.

సెప్టెంబర్ 4న ఓడ కదిలింది. ఇంగ్లీషు మాట్లాడాలంటే బెరుకు. ఫోర్కు, కత్తి పట్టుకోవడం రాదు. ఏ వంటకంలో మాంసం ఉందో అడగడానికి మొహమాటం. దాంతో భోజనాల బల్ల దగ్గరికి వెళ్లడమే మానేసి, కేబిన్‌లో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న మిఠాయిలు, పళ్లతోనే చాలావరకు కాలక్షేపం చేశాడు. తోడుగా వచ్చిన మజుందార్ అనే వకీలు, అందరితో కలిసి మాట్లాడమని చెప్పినా లాభం లేకపోయింది.

లండన్ చేరాక అసలు కష్టం మొదలైంది. రిచ్‌మండ్‌లో ఒక స్నేహితుడి దగ్గర ఉన్నప్పుడు పొద్దున్న ఓట్స్ జావతో కడుపు నిండేది. మధ్యాహ్నం, రాత్రి పాలకూర, బ్రెడ్డు, జామ్. ఉప్పూకారం లేని ఉడకబెట్టిన కూర. రెండు మూడు ముక్కల కంటే ఎక్కువ బ్రెడ్డు అడిగితే ఏమనుకుంటారో అని సిగ్గు. మారు వడ్డించమని అడగలేక ఆకలితో లేచిపోయిన ఆ కుర్రాడిలో మనం ఎవరమైనా కనిపిస్తాం. తర్వాత వెస్ట్ కెన్సింగ్టన్‌లో ఒక వితంతువు ఇంట్లో చేరాడు. ఆవిడ కూతుళ్లు జాలిపడి ఒకటి రెండు ముక్కలు ఎక్కువ పెట్టేవాళ్లు. అయినా ఆకలి తీరేది కాదు.

స్నేహితులు ప్రమాణం వదిలెయ్యమని ఒత్తిడి చేశారు. అతను వాదించలేదు, వదల్లేదు. రోజుకి పది పన్నెండు మైళ్లు నడుస్తూ, చవక హోటల్లో బ్రెడ్డుతో కడుపు నింపుకుంటూ, శాకాహార భోజనం దొరికే చోటు వెతికాడు. చివరికి ఫారింగ్‌డన్ వీధిలో ఒకటి దొరికింది. అక్కడ కిటికీలో పెట్టిన పుస్తకాల్లో హెన్రీ సాల్ట్ రాసిన శాకాహారం పుస్తకాన్ని ఒక షిల్లింగ్ ఇచ్చి కొనుక్కుని లోపలికెళ్లి కూర్చున్నాడు. ఇంగ్లండులో అడుగుపెట్టాక కడుపు నిండా తిన్న మొదటి భోజనం అదే.

ఆ పుస్తకం చదివాక ఒక మార్పు వచ్చింది. అంతవరకూ అమ్మకిచ్చిన మాట కోసం మాంసం మానేశాడు. ఇప్పుడు తనకే నచ్చి మానేశాడు. ఈ తేడా చిన్నది కాదు. ఎవరి కోసమో చేసే డైట్ నాలుగు రోజులు ఉంటుంది. మనకే అర్థమై చేసేది నిలబడుతుంది.

లెక్కల పుస్తకం

మధ్యలో కొన్నాళ్లు సోకులు కూడా నడిచాయి. బాండ్ స్ట్రీట్ సూటు, టాప్ హ్యాటు, డాన్సు క్లాసులు, వయొలిన్. సుమారు మూడు నెలల్లో ఆ మోజు తీరింది. అప్పుడు కూర్చుని ప్రతి పెన్నీకి లెక్క రాయడం మొదలెట్టాడు. ఖర్చు తగ్గించి ఒకే గదిలోకి మారాడు. చిన్న స్టవ్ మీద పొద్దున్న ఓట్స్ జావ, కోకో సొంతంగా కాచుకునేవాడు. మధ్యాహ్నం బయట భోజనం. రాత్రి మళ్లీ ఇంట్లో బ్రెడ్డు, కోకో. రోజు తిండి 1 షిల్లింగ్ 3 పెన్నీల్లో అయిపోయేది. బండెక్కకుండా రోజుకి ఎనిమిది పది మైళ్లు నడక. లండన్‌లో ఉన్నన్నాళ్లూ జబ్బు పడకుండా ఉండటానికి ఆ నడకే కారణమని తర్వాత చెప్పుకున్నారు.

ఇంటి నుంచి తెప్పించుకునే మిఠాయిలు, మసాలాలు ఆపేశాడు. విచిత్రమేమిటంటే, రిచ్‌మండ్‌లో నోట పెట్టలేకపోయిన ఆ చప్పిడి పాలకూర ఇప్పుడు రుచిగా అనిపించింది. రుచి నాలుక మీద కంటే మనసులోనే ఎక్కువ ఉందని అతనికి అప్పుడు తెలిసొచ్చింది.

గుడ్డు మాంసం కాదని కొందరంటే కొన్నాళ్లు తిన్నాడు. అమ్మ దృష్టిలో గుడ్డు కూడా మాంసమే కదా అని గుర్తొచ్చి మానేశాడు. దాంతో ఏ హోటల్‌కి వెళ్లినా పుడ్డింగులో ఏముంది, కేకులో ఏముంది అని అడగాల్సి వచ్చేది. ఓడలో నోరు విప్పలేని కుర్రాడు ఇప్పుడు ప్రతి బల్ల దగ్గరా అడుగుతున్నాడు.

బేస్‌వాటర్‌లో ఉన్నప్పుడు శాకాహార క్లబ్ ఒకటి పెట్టాడు. తను కార్యదర్శి. క్లబ్ కొద్ది నెలలే నడిచింది. లండన్ శాకాహార సంఘం కార్యవర్గంలో చేరినా సమావేశాల్లో మాట పెగిలేది కాదు. డాక్టర్ అలిన్‌సన్ అనే సభ్యుణ్ని కుటుంబ నియంత్రణ మీద అతని అభిప్రాయాల వల్ల తీసెయ్యాలన్నారు. ఆ అభిప్రాయాలు గాంధీకి నచ్చవు. అయినా అందుకోసం శాకాహార సంఘం నుంచి తీసెయ్యడం తప్పని రాసుకొచ్చి, లేచి చదవలేక వేరేవాళ్ల చేత చదివించాడు. ఓడిపోయాడు. ఈ అలిన్‌సన్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

1891లో బారిస్టరై ఇంటికి తిరిగొచ్చాడు. ఎవరికి మాటిచ్చాడో ఆ తల్లి అప్పటికే చనిపోయింది. ఓడ దిగాకే ఆ వార్త చెప్పారు.

డాక్టరు కాని డాక్టరు

ఇక్కణ్నుంచి గారు అనాలి మరి. దక్షిణాఫ్రికాలో ప్రాక్టీసు పెరిగింది, బల్ల మీద పనీ పెరిగింది. మలబద్ధకం, తలనొప్పులు. పొద్దున్న టిఫిన్ మానేస్తే తగ్గుతుందని ఎక్కడో చదివి మానేసి చూశారు. తలనొప్పి పోయింది. పొట్ట మీద తడిమట్టి పట్టీ వేసి చూశారు. అది కూడా పనిచేసిందనిపించింది. తెలిసినవాళ్లకి చెప్పడం మొదలెట్టారు.

జోహనెస్‌బర్గ్‌లో ఒకావిడ శాకాహార హోటల్ పెద్దది చేస్తానంటే, తన దగ్గర దాచుకున్న ఒక క్లయింట్ డబ్బు అతని అనుమతితో ఇచ్చారు. సుమారు వెయ్యి పౌన్లు. రెండు మూడు నెలల్లోనే ఆ డబ్బు తిరిగి రాదని తేలిపోయింది. క్లయింట్ నమ్మింది తనని కాబట్టి మొత్తం తన జేబు నుంచే కట్టారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన వేరేవాళ్ల డబ్బుతో సాహసం చెయ్యకూడదని నేర్చుకున్నారు.

అంతకన్నా భయపెట్టే ఘట్టం 1902లో బొంబాయిలో జరిగింది. పదేళ్ల కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్, దాంతో పాటు న్యుమోనియా. కోడిగుడ్లు, చికెన్ సూప్ పెట్టమని డాక్టరు అన్నారు. గాంధీ ఒప్పుకోలేదు. తడిగుడ్డ చుట్టి, నీళ్లు కలిపిన నారింజ రసం పట్టారు. జ్వరం 104. పిల్లవాడికి ఏమైనా అయితే ఏం సమాధానం చెప్పాలని వీధుల్లో తిరిగారు. తిరిగొచ్చేసరికి చెమట పట్టి జ్వరం దిగుతోంది. మణిలాల్ బతికాడు. అయితే దేనివల్ల బతికాడో ఎవరు చెప్పగలరని గాంధీ గారే ఒప్పుకున్నారు. మనం కూడా ఇక్కడ ఆగాలి. ఒక్కసారి గట్టెక్కితే అది రుజువు కాదు. ల్యాబ్‌లో ఒక్క రీడింగ్‌తో గ్రాఫ్ గియ్యం కదా.

1912లో పాలు మానేశారు. 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ఆరోగ్యం మీద గుజరాతీలో వరుసగా వ్యాసాలు రాశారు. అవి పుస్తకమై, ఆయన రచనల్లో బాగా చదివినవాటిలో ఒకటయ్యాయి. పాలు అక్కర్లేదన్నది అందులో ఒక సలహా.

1914లో లండన్‌లో ఉండగా ప్లూరసీ వచ్చింది. పాలు తాగమని గోఖలే బతిమాలినా వినలేదు. చివరికి వైద్యం చేసింది ఎవరో తెలుసా? డాక్టర్ అలిన్‌సన్. ముతక గోధుమ రొట్టె, పచ్చి కూరలు, పళ్లు, ఇరవై నాలుగు గంటలూ తెరిచిన కిటికీలు, నూనె మర్దన, కొంచెం నడక. ఇదీ ఆయన రాసిచ్చిన చీటీ.

ప్రయాణాల్లో ఐదే వస్తువులు

1915లో దేశానికి వచ్చి మూడో తరగతి రైళ్లలో ఊరూరా తిరిగారు. కలకత్తాలో దిగిన ఇంట్లో ఈయన పళ్లు, గింజలే తింటారని తెలిసి ఎక్కడా దొరికినవన్నీ తెచ్చారు. ఆ ఇంటి ఆడవాళ్లు రాత్రంతా మేలుకుని గింజలకి తోలు తీశారు. నిరాడంబరంగా ఉందామనుకున్న తిండి ఎదుటివాళ్లకి ఇంత చాకిరీ అయిందని ఆయనకి బాధేసింది. ఆ ఏడాదే హరిద్వార్ కుంభమేళాలో ఒక నియమం పెట్టుకున్నారు. రోజుకి ఐదు వస్తువులకి మించి తినకూడదు, చీకటి పడ్డాక తినకూడదు.

ప్రయాణంలో ఆరోగ్యం అంటే మనం మన కడుపు గురించే ఆలోచిస్తాం. మన తిండి ఎవరి నిద్ర పాడుచేస్తోందో కూడా ఆయన లెక్కలో ఉంది.

మొండితనం ఖరీదు

1918లో ఖేడా జిల్లాలో ఊళ్లు తిరుగుతున్నప్పుడు ఆయన తిండి ముఖ్యంగా వేరుశనగ ముద్ద, నిమ్మకాయ. అది ఎక్కువైతే మంచిది కాదని తెలిసీ ఎక్కువే తిన్నారు. జిగట విరేచనాలు మొదలయ్యాయి. కొద్దిగా తగ్గేలోపు పండగొచ్చింది. కస్తూర్బా చేసిన తీపి గోధుమ జావ, పెసలు చూసి ఆగలేక తిన్నారు. గంటలో జబ్బు తిరగబెట్టింది. ఆ రాత్రే నడియాద్ ప్రయాణం. రోజుకి ముప్పై నలభై సార్లు విరేచనాలు. మందొద్దన్నారు, ఇంజెక్షనొద్దన్నారు. అది జంతువుల నుంచి తీసిన సీరం అనుకున్నారు. మొక్కల నుంచి తీసిందని తర్వాత తెలిసింది, కానీ అప్పటికి ఉపయోగం లేకపోయింది. ఒక రాత్రి ఇక బతకననే అనుకున్నారు.

నెలల తరబడి మంచం. బొంబాయిలో డాక్టర్ దలాల్ పాలు తాగితే తప్ప ఒళ్లు కోలుకోదని తేల్చారు. వ్రతం ఉందన్నారు గాంధీ. మంచం పక్కన ఉన్న కస్తూర్బా దారి చూపించింది. వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా, మేకపాలకేం అడ్డు అంది. ఒప్పుకున్నారు. వ్రతంలో మాట మిగిలింది, ప్రాణం పోయిందని జీవితాంతం కుములుతూనే ఉన్నారు. కానీ బతికారు. అంతకన్నా ముఖ్యంగా, తన పుస్తకం చదివి పాలు మానేసినవాళ్లు అది పడకపోతే పట్టుదలకి పోవద్దని ఆత్మకథలో రాశారు. తన సలహాని తనే వెనక్కి తీసుకున్నారు.

రాజమండ్రి మాట

ఇంత జరిగినా ప్రయోగాలు ఆగలేదు. 1929లో ఖద్దరు యాత్ర మీద మన ఆంధ్రకి వచ్చారు. రాజమండ్రిలో ప్రకృతి వైద్యశాల నడిపే సుందరం గోపాలరావు గారు, నిప్పు తగలని తిండే అసలైన మందని చెప్పారు. అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న గాంధీ వెంటనే మొదలెట్టేశారు. మొలకెత్తిన గోధుమలు, బాదం ముద్ద, పచ్చి ఆకులు, నిమ్మకాయలు, తేనె. యంగ్ ఇండియాలో వివరాలన్నీ రాశారు. బరువు తగ్గింది. ఆగస్టులో విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ మేకపాలకి వచ్చి, ఆ సంగతి కూడా అదే పత్రికలో రాశారు. సక్సెస్ పోస్టు పెట్టి ఫెయిల్యూర్ డిలీట్ చేసే అలవాటు ఆయనకి లేదు.

చివరి పుస్తకం

1942లో ఆగాఖాన్ ప్యాలెస్ జైల్లో ఆరోగ్యం పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు. కూర్చుని పనిచేసేవాళ్లకి రోజుకి ఇంత అని లెక్క ఇచ్చారు. ఆవుపాలు 2 పౌన్లు, ధాన్యం 6 ఔన్సులు, ఆకుకూరలు 3, ఇతర కూరలు 5, పచ్చివి 1, నెయ్యి ఒకటిన్నర, బెల్లం లేదా పంచదార ఒకటిన్నర. పళ్లు ఎవరి రుచిని బట్టి, జేబుని బట్టి. 1913లో అక్కర్లేదన్న పాలు ఇక్కడ జాబితాలో ముందున్నాయి. ముప్పై ఏళ్ల అనుభవం ఆ మార్పులో ఉంది.

1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్ అనే పల్లెలో ప్రకృతి చికిత్స ఆశ్రమం పెట్టించి, కొన్నాళ్లు అక్కడే ఉండి రోగులని స్వయంగా చూశారు. 1948 జనవరి 30న వెళ్లిపోయారు.

ఆయన చెప్పినవన్నీ పాటించమని నేననడం లేదు. మట్టి పట్టీతో టైఫాయిడ్ తగ్గదు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పొండి. కానీ ఈ సెలవుల్లో ఇంటికెళ్లే రైల్లో, ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన కొత్త ఊళ్లో నాలుగు పనులు చెయ్యొచ్చు. ప్లేట్లో ఏముందో సిగ్గుపడకుండా అడగండి. తిన్నది, ఖర్చుపెట్టింది రాసుకోండి. రెండు స్టాపులు ముందే దిగి నడవండి. ఎవరికైనా సలహా ఇచ్చి అది తప్పని తేలితే, ఇచ్చినంత గట్టిగానే వెనక్కి తీసుకోండి.

ఇక మెస్‌లో ఇంకో చపాతీ కావాలంటే, దయచేసి అడగండి. ఆ కుర్రాడు అడగలేక చాలా రోజులు ఆకలితో పడుకున్నాడు.