శత్రువుల మధ్య వైర్‌లెస్ నడిపిన నూర్

హైదరాబాదులో సూఫీ గురువుకు శిష్యుడైన సంగీత విద్వాంసుడు ఇనాయత్ ఖాన్ కుమార్తె నూర్ ఇనాయత్ ఖాన్. 1914 జనవరి 1న మాస్కోలో జన్మించి, పారిస్ శివార్లలో పెరిగారు. పిల్లల కథలు రాసేవారు. జాతక కథలను 1939లో ఇంగ్లీషులో వెలువరించారు.

1940 జూన్‌లో జర్మన్ సేనలు పారిస్‌పైకి రాగా లక్షలాది పౌరులు ఇల్లూ వాకిలీ వదిలి రోడ్డున పడ్డారు. నూర్ కుటుంబం ఇంగ్లండు చేరింది. అహింసను నమ్మిన ఇంట పుట్టినా, ఆమె ఆ ఏడే మహిళా వైమానిక దళంలో చేరి వైర్‌లెస్ నేర్చుకున్నారు.

1943 జూన్‌లో రహస్యంగా ఫ్రాన్సులో దిగారు. కొద్దిరోజులకే సహచరులు వరుసగా అరెస్టయ్యారు. తిరిగి వచ్చేయమని లండన్ అధికారులు చెప్పినా ఒప్పుకోలేదు. ఇళ్లు మారుతూ నాలుగు నెలలపాటు వార్తలు పంపారు.

అక్టోబరులో పట్టుబడ్డారు. సందేశాల నకళ్లు దాచి ఉంచడం ఆమె పొరపాటు. వాటితో జర్మన్లు లండన్‌ను మోసగించి మరికొందరిని పట్టుకున్నారు. విచారణలో మాత్రం ఆమె నోరు విప్పలేదు. రెండుసార్లు పారిపోబోయి దొరికిపోయారు. జర్మనీ జైలులో పది నెలలు సంకెళ్లతో గడిపారు.

1944 సెప్టెంబరు 13న డాకౌ నిర్బంధ శిబిరంలో మరి ముగ్గురు స్త్రీలతోపాటు ఆమెను చంపివేశారు. అప్పటికి వయసు 30. ఆమె ఏమైనదీ యుద్ధం ముగిశాకే తెలిసింది. 1949లో బ్రిటన్ ఆమెకు మరణానంతరం జార్జి క్రాస్ ప్రకటించింది.