పెర్ల్ బక్ ఇంటి పిల్లలు

మిరప కోతల కాలం వస్తే నాకు మా పెద్దమ్మ ఇల్లే గుర్తొస్తుంది. పర్చూరు వైపు పల్లె. కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, ఆ పక్కనే కూర్చుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లు. అలాంటి రోజుల్లోనే మా పిన్ని పిల్లలిద్దరూ ఆ ఇంటికొచ్చారు. పిల్లాడికి 9 ఏళ్లు, పిల్లకి 6. పిన్నీ బాబాయీ కర్ణాటకలో సింధనూరు దగ్గర పొలం కొనుక్కుని అక్కడే ఉండిపోయినవాళ్లు. ఒక్క లారీ ప్రమాదంలో ఇద్దరూ పోయారు. పిల్లల్లేని పెద్దమ్మ, నేను పెంచుకుంటానంటూ వెళ్లి తీసుకొచ్చేసింది.

తెచ్చుకోవడం ఒక్క రోజు పని. అసలు సంగతంతా ఆ తర్వాతే! ఆ పిల్ల రాత్రిపూట అన్నం ముద్ద గుడ్డలో చుట్టి దిండు కింద దాచుకునేది. చెల్లెలికి జడ వెయ్యాలన్నా, అన్నం పెట్టాలన్నా వాడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అమ్మానాన్నలది తెలుగే అయినా, వాళ్లిద్దరూ చెప్పుకునే కబుర్లన్నీ బళ్లో నేర్చిన కన్నడంలోనే. ఊట అంటే అన్నమని తెలియక పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చేది. పసిగుడ్డునైతే మచ్చిక చేసుకోవచ్చు గానీ ఇంత ఎదిగినవాళ్లు నీవాళ్లెలా అవుతారని ఇరుగుపొరుగు ఒకటే నస.

తర్వాత గుంటూరులో డిగ్రీ చదివేటప్పుడు 'గుడ్ ఎర్త్' నవల చేతికొచ్చింది. అందులో ఓలాన్ బిడ్డను కని ఆ పూటే మళ్లీ పొలంలోకి వస్తుంది. పత్తి తీతలకెళ్లే మా ఊరి ఆడవాళ్లే కళ్లముందు కదిలారు. రాసినావిడ ఎవరా అని వెతికితే, ఆవిడ ఇల్లూ మా పెద్దమ్మ ఇంటిలాంటిదేనని తెలిసింది.

పెర్ల్ బక్ 1892లో అమెరికాలో పుట్టింది. తల్లిదండ్రులు క్రైస్తవ మిషనరీలు. నెలల పిల్లగా ఉన్నప్పుడే చైనా తీసుకెళ్లారు. యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఝెన్‌జియాంగ్ ఊళ్లో, చైనా ఆయా చెప్పే కథలు వింటూ పెరిగింది. ఇంగ్లీషు ఎంతో చైనా భాషా అంతే. 1910లో కాలేజీ చదువుకని అమెరికా వెళితే, సొంత దేశంలోనే పరాయిపిల్ల అయిపోయింది.

ఆవిడ తల్లితనం కూడా సుఖంగా మొదలవలేదు. 1920లో పుట్టిన కరోల్‌కి బుద్ధి ఎదగలేదు. ఆ కాన్పుతోనే ఇక పిల్లలు పుట్టరని తేలిపోయింది. 1925లో జానిస్ అనే పసిపాపను దత్తత తీసుకుంది. 1927లో నాన్‌కింగ్‌లో విదేశీయుల మీద దాడులు జరిగినప్పుడు, ఈ ఇద్దరు పిల్లలతో సహా ఆ కుటుంబమంతా ఒక పేద చైనా స్త్రీ గుడిసెలో దాక్కుని ప్రాణాలు దక్కించుకున్నారు. 1929లో కరోల్‌ని న్యూజెర్సీలో అలాంటి పిల్లలుండే సంస్థలో చేర్చింది. ఆ ఖర్చులకు డబ్బు కావాలి. రాయడం వెనక ఆ అవసరం కూడా ఉంది. 1931లో 'గుడ్ ఎర్త్' వచ్చింది. 1938లో నోబెల్ బహుమతి.

ఈలోగా మొదటి భర్తతో విడిపోయి 1935లో తన ప్రచురణకర్త రిచర్డ్ వాల్ష్‌ను పెళ్లాడింది. పెన్సిల్వేనియాలో పాత రాతి ఇల్లు, చుట్టూ పొలం. ఆ ఇంటికి 1936లో ఒకేసారి ఇద్దరు మగపిల్లలొచ్చారు. ఆ తర్వాత ఇంకో బాబు, ఇంకో పాప. అందరూ పసివాళ్లే.

1949లో ఒక దత్తత సంస్థ నుంచి ఆవిడకు కబురొచ్చింది. 15 నెలల బాబు. తల్లి అమెరికన్, తండ్రి మన భారతీయుడు. చామనఛాయ బిడ్డను తీసుకునే ఇల్లు దొరకడం లేదట! ఎన్ని సంస్థలను అడిగినా పిల్లాడి రంగుకు సరిపోయే తల్లిదండ్రులు లేరనే జవాబు. (పెళ్లిచూపుల్లో రంగు చూసే మనం పెద్దగా ఆశ్చర్యపోనక్కర్లేదు.) కొద్ది రోజులకే సగం చైనా రక్తమున్న మరో బాబు. తమకు వయసు మీరిందని ఆవిడా భర్తా దగ్గర్లోని ఒక చిన్న వయసు జంటను అమ్మానాన్నలుగా ఒప్పించి, 'వెల్‌కమ్ హౌస్' పెట్టారు. మొదట్లో అది అనాథాశ్రమంలా కాదు, అచ్చం ఒక కుటుంబంలానే నడిచింది. పిల్లలంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. బయటివాళ్లకు దత్తత ఇవ్వడం తర్వాతి మాట.

అయినా ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. అరవైకి దగ్గరపడ్డ వయసులో, 1950లలో, హెన్రియెట్ జర్మనీ నుంచి, చియెకో జపాన్ నుంచి ఆ రాతి ఇంటికొచ్చారు. ఇద్దరి తండ్రులూ నల్లజాతి అమెరికన్ సైనికులు. ఇద్దరూ ఊహ తెలిసిన పిల్లలు, మాటలొచ్చిన పిల్లలు. ఒకే కడుపున పుట్టకపోయినా ఒకే ఇంట అక్కాచెల్లెళ్లయ్యారు. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నల్లవారికీ తెల్లవారికీ పెళ్లి చట్టరీత్యా నేరం. 1967లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అదే పరిస్థితి. అలాంటి చోట తెల్ల తల్లి చెయ్యి పట్టుకుని వీధిలో నడవాలి ఆ పిల్లలు!

అన్నిటికీ ఆవిడ్ని మెచ్చుకోలేను. పొద్దుటి పూటంతా రాతకే పోయేది. ఇంటి పనికి మనుషులు, ఉత్తరాలకు సెక్రటరీలు, మధ్యలో ప్రయాణాలు, ఉపన్యాసాలు. 1953 నుంచి భర్త పక్షవాతంతో మంచాన పడ్డాడు, 1960లో పోయాడు. మన ఏరువాక పాట 'రోజులు మారాయి' సినిమాలో ఆడిన వహీదా రెహమాన్ ఉందే, ఆవిడ నటించిన 'గైడ్' ఇంగ్లీషు చిత్రానికి స్క్రీన్‌ప్లే కూడా పెర్ల్ బక్ రాసిందే. ఇన్ని పనుల తల్లికి, పరాయి దేశం నుంచొచ్చిన పిల్ల రాత్రి ఉలిక్కిపడి లేస్తే పక్కన కూర్చునే తీరిక ఎంతుండి ఉంటుంది? మా పెద్దమ్మకు నోబెల్ లేదుగానీ ఆ తీరిక ఉంది. అయితే భాష పోతే పిల్లలకు ఏం పోతుందో పెర్ల్ బక్‌కు తెలిసినంతగా పెద్దమ్మకు తెలియదు. కన్నడం మాట్లాడితే మొదట్లో కసురుకునేది.

పిల్లలందర్నీ అమెరికాకు తేలేమని, అది సబబూ కాదని పెర్ల్ బక్‌కు తోచినట్టుంది. కన్నతల్లుల దగ్గరే, పుట్టిన దేశంలోనే వాళ్లకు చదువూ వైద్యమూ అందాలని 1964లో వేరే ఫౌండేషన్ పెట్టింది. కొరియాలో పని మొదలైంది. 'వెల్‌కమ్ హౌస్' వేలమందికి ఇళ్లు చూపించి 2014లో దత్తతల పని మానేసింది.

1972లో చైనాకు వెళ్లాలని ఎంతో ఆశపడింది, వీసా ఇవ్వలేదు. మరుసటి ఏడాది మార్చిలో కన్నుమూసింది. ఆ పొలంలోనే సమాధి. దాని మీద ఆవిడ పేరు చైనా అక్షరాల్లోనే చెక్కించారు. ఇంగ్లీషులో లేదు.

మా పెద్దమ్మను ఆ పిల్లలిప్పటికీ పెద్దమ్మా అనే పిలుస్తారు, అమ్మా అని కాదు. పిల్ల ఇప్పుడు ఒంగోల్లో టీచరు. కన్నడం దాదాపు మర్చిపోయింది. పెద్దమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ఊట అయిందా అనే అడుగుతుంది.