స్ఫటిక రహస్యాలను గణించిన ఆచార్య సూరి భగవంతం

తెలుగునాట ఆధునిక భౌతికశాస్త్రానికి పునాదులు వేసిన మహనీయులలో ఆచార్య సూరి భగవంతం గారు అగ్రగణ్యులు. 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా చేరి సర్ సి.వి. రామన్ గారి శిష్యులయ్యారు. పదార్థంపై పడి చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందనీ, ఆ మార్పు పరమాణువుల కంపనాలను తెలుపుతుందనీ రామన్ గారు కనుగొన్న సంవత్సరమది.

1932లో భగవంతం గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. స్ఫటికంలో అసంఖ్యాకంగా పరమాణువులు కంపిస్తుండగా, కాంతికి గోచరించే కంపనాలు ఎన్ని? ఆయనా, టి. వెంకటరాయుడు గారూ గణితంలోని సమూహ సిద్ధాంతాన్ని ఆశ్రయించారు. స్ఫటికపు సౌష్ఠవం, పరమాణువుల అమరిక తెలిస్తే ఆ సంఖ్యను ప్రయోగానికి ముందే చెప్పవచ్చునని 1939లో నిరూపించారు. ఈ విషయంపై వారి గ్రంథం 1948లో వాల్తేరునుండి వెలువడింది.

ఆ లెక్క నేడు ఎక్కడ అక్కరకు వచ్చిందో మన కోనసీమవారికి సులభంగానే బోధపడుతుంది. ఆత్రేయపురంలో బోర్లించిన వేడి కుండపై పలుచని పిండి పూసి, పూతరేకును ఊడదీస్తారు కదా! నేటి శాస్త్రజ్ఞులు కూడా వేడి ఫలకంపై ఆవిరులను కలిపి మాలిబ్డినం డైసల్ఫైడు పొరను పెంచుతారు. దాని మందం మీటరులో నూరు కోట్లవ వంతుకన్న తక్కువ. పొరలు దొంతరగా ఉన్నప్పుడు కాంతిని అరకొరగా వెదజల్లే ఈ అర్ధవాహకం, ఒంటి పొరగా ఉన్నప్పుడు ప్రకాశవంతమవుతుందని 2010లో తెలిసింది. దీనితో అతిసూక్ష్మ ట్రాన్సిస్టర్లు, కాంతి గ్రాహకాలు నిర్మిస్తున్నారు.

మరి అంత పలుచని రేకులో పొర ఒకటో, రెండో తెలిసేదెట్లు? రామన్ వర్ణపటంలో రెండు గీతల నడిమి ఎడమే చెబుతుంది. పొరలు పెరిగినకొద్దీ ఆ ఎడమూ పెరుగుతుంది. ఆ గీతలు ఏ కంపనాలకు చెందినవో నిర్ణయించేది సౌష్ఠవ గణితమే.

భగవంతం గారు 1952 నుండి 1957 వరకు, ఉర్దూ మాధ్యమంతో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా, ఆపై బెంగుళూరు భారత విజ్ఞాన సంస్థకు సంచాలకులుగా ఉన్నారు. 1961 నుండి 1969 వరకు రక్షణమంత్రికి విజ్ఞాన సలహాదారుగా సేవలందించారు. 1989 ఫిబ్రవరి 6న పరమపదించారు. ఒంటి పొర అర్ధవాహకాల యుగాన్ని ఆయన చూడలేదు.

ప్రయోగశాల చిన్నదని, సిద్ధాంతం కూడుపెట్టదని మనలో కొందరు గణితాన్ని విడిచిపెడుతున్నాము. కాగితంపై కట్టిన ఒక లెక్క ఏడు దశాబ్దాల తరువాత కొత్త పదార్థాలకు కొలమానమైన వైనాన్ని మనము మరువరాదు.