షుల్జ్ పండితుని చిన్న పుస్తకం

నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలోని క్రైస్తవ గృహాలలో పస్కా పండుగ కథ పిల్లలకు కొత్త కాదు. ఐగుప్తు దాస్యం నుండి యూదులు విడుదల పొందిన వృత్తాంతమది. ఆ కథ గల పాత నిబంధనను 1732 నాటికే తెనిగించిన వారు బెంజమిన్ షుల్జ్.

బ్రాండెన్‌బర్గు సీమలో 1689లో జన్మించిన ఈ జర్మను పండితులు 1719లో తరంగంబాడి చేరారు. తమిళం నేర్చిన పిదప చెన్నపట్టణంలో తెలుగును పట్టుదలతో అభ్యసించి, లాటినులో తెలుగు వ్యాకరణం సైతం రచించారు. ఇంత శ్రమించినా ఆయన బైబిలు వ్రాతప్రతిగానే మిగిలిపోయింది.

1743లో స్వదేశానికి మరలిన షుల్జ్ ఊరకుండలేదు. హాలే పట్టణంలో తెలుగు అక్షరాలు పోత పోయించారు. 1746లో అక్కడ అచ్చయిన చిన్న ప్రశ్నోత్తరి లేతవయసు పిల్లలకై కూర్చినది. పస్కా రాత్రి యూదుల ఇండ్లలోనూ బోధకు ప్రశ్నయే ద్వారం: అందరిలో చిన్నవాడు అడగాలి, పెద్దలు విడుదల కథ చెప్పాలి. మహాగ్రంథానికి దక్కని అచ్చు భాగ్యం పిల్లల పుస్తకానికి దక్కడం చిత్రమే.

షుల్జ్ 1760లో హాలేలో కన్నుమూశారు. సంపూర్ణ తెలుగు బైబిలు ముద్రణకు ఆ తరువాత ఇంచుమించు నూరేళ్లు పట్టింది. అదీ ఆయన అనువాదం కాదు.