అంధుడైన హ్యూబరు, రాణిలేని తేనెపట్టు

తేనెటీగల రహస్యములను లోకమునకు వెల్లడించిన ఫ్రాన్స్వా హ్యూబరు కన్నులులేనివాడని విన్నచో మనకు ఆశ్చర్యము కలుగకమానదు. ఆయన 1750లో జెనీవా నగరమున జన్మించెను. 15వ యేటనే చూపు మందగించి, క్రమముగా నశించెను. అయినను మారీ లుల్లాన్ అను యువతి ఆయననే వివాహమాడి చేదోడుగా నిలిచెను.

పుస్తకపు పుటలవలె విప్పదగిన తేనెపెట్టెను హ్యూబరు కల్పించెను. ఆయన ప్రశ్నింపగా, సేవకుడైన బర్నెన్సు చూచి చెప్పుచుండెను.

రాణి పోయినచో కొంతసేపటికి ఈగలు కలవరపడి పరుగులిడును. లేతవయసు పిల్లపురుగులున్నచో వానిలో కొన్నింటిని ప్రత్యేకాహారముతో పెంచి క్రొత్త రాణిని పొందును. లేనిచో పట్టు క్రమముగా నశించును. కావున రాణి యున్నదా లేదా యనునది పట్టునకు ప్రాణసమస్య.

ఒకప్పుడు రెండు పట్టులలో రాణి కానరాకున్నను గ్రుడ్లుండెను. వానినుండి పోతుటీగలే పుట్టుచుండెను. చిన్న రాణి యెచ్చటనైన దాగియున్నదా? బర్నెన్సు 11 దినములు శ్రమించి, కుట్లకు వెరవక, ఆ పట్టులలోని ఈగల నన్నింటిని ఒక్కొక్కటిగా పరీక్షించెను. రాణి లేదు! పిదప గ్రుడ్డు పెట్టుచున్న పనియీగయే చేజిక్కెను. గ్రుడ్లు కనబడినంతమాత్రమున రాణి యున్నదని తలపరాదని ఇట్లు రూఢియయ్యెను. గదికొక గ్రుడ్డు చక్కగానుండి, పనియీగల పిల్లలు పెరుగుచున్నచో మాత్రమే మంచి రాణి యున్నదని నమ్మవచ్చును.

1792లో ఈ పరిశోధనలు గ్రంథరూపమున వెలువడెను. హ్యూబరు 1831లో మరణించెను. కన్నులున్న మనము కంటబడిన మొదటి గుర్తుతోనే తృప్తిపడుచుందుము. కన్నులులేని ఆయన తృప్తిపడలేదు.