నర్సుల పట్టికలో మొదటి పేరు

రోగి మంచము చెంత రాత్రియంతయు మేల్కొని కూర్చుండు స్త్రీ శిక్షణ పొందినదియో కాదో తెలియుట ఎట్లు? పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున ఇంగ్లండులో ఈ ప్రశ్నకు సమాధానము లేకుండెను. మూడేండ్లు ఆసుపత్రిలో శ్రమించి నేర్చినదియు నర్సే. ఏమియు నేర్వక తెల్లని టోపీ ధరించి ఇండ్లకు పోవునదియు నర్సే. వైద్యులకు 1858 నాటి శాసనము క్రింద ప్రభుత్వపు పట్టిక ఉండెను. నర్సులకు అట్టిది లేదు. ఆ లోటు తీర్చుటకు ముప్పది రెండేండ్లు పోరాడిన స్త్రీ ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్.

ఆమె 1857 జనవరి 26వ తేదీన స్కాట్లండులో, ఎల్గిన్ పట్టణ సమీపమున జన్మించెను. పుట్టినింటి పేరు మాన్సన్. పసితనముననే తండ్రి పోగా తల్లి మరల వివాహమాడెను. కలిగిన ఇంటి పిల్ల. కష్టపడవలసిన అవసరము లేదు. అయినను ఇరువది యొకటవ యేట నాటింగ్‌హాములోని పిల్లల ఆసుపత్రిలో చేరి, పిదప మాంచెస్టరులో పని నేర్చుకొనెను. 1881లో లండనునందలి సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రికి మేట్రను అయ్యెను. ఆ ఆసుపత్రి 1123లో వెలసినది. ఇరువది నాలుగేండ్ల యువతికి అంతటి పురాతన సంస్థలో నర్సులందరిపై పెత్తనము దక్కుట సామాన్యము కాదు. ఆమె అచ్చట శిక్షణ కాలమును మూడేండ్లకు పెంచెను. 1887లో బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అను వైద్యుని పెండ్లాడి, ఆనాటి ఆచారము ననుసరించి ఉద్యోగమును విడిచెను.

పని విడిచిన యేడే అసలు పని మొదలయ్యెను. తన యింటనే కొందరు మేట్రనులను సమావేశపరచి, బ్రిటిష్ నర్సుల సంఘమును స్థాపించెను. విక్టోరియా రాణి కుమార్తె హెలీనా దానికి అధ్యక్షురాలు. సంఘము కోరినది ఇంతే: అందరికి నొకే విధమైన శిక్షణ, ఒకే పరీక్ష, ప్రభుత్వ శాసనముచే ఏర్పడిన ఒకే పట్టిక.

ఎదురు నిలిచినవారిలో అందరికంటె గొప్ప పేరు ఫ్లారెన్స్ నైటింగేలుది. నేడు పాఠ్యపుస్తకములలో ఆమె కథ చదువు పిల్లలకు ఈ సంగతి ఆశ్చర్యము గొల్పవచ్చును. నర్సునకు ముఖ్యమైనది శీలమనియు, పరీక్ష జ్ఞానమును కొలువగలదే గాని శీలమును కొలువజాలదనియు, ఒకనాడు పట్టిక కెక్కినంత మాత్రమున జీవితాంతము యోగ్యురాలని అనుకొనుట పొరపాటనియు ఆమె అభిప్రాయము. ఇది కొట్టివేయదగిన వాదము కాదు. ఉపాధ్యాయులకు పరీక్షల మాట తెలియనిది కాదు గదా! అయితే ఆసుపత్రుల యాజమాన్యముల విరోధమునకు శీలము ఒక్కటే కారణము కాదు. శిక్షణ పొందుచున్న బాలికలు చౌకగా లభించు పనివారు. ప్రభుత్వము కాలపరిమితిని, పాఠ్యక్రమమును నిర్ణయించినచో ఆ వెసులుబాటు పోవును.

1893లో సంఘమునకు రాజశాసనము లభించెను. కాని అందు ‘రిజిస్టరు’ అను మాటకు బదులు ‘జాబితా’ అని ఉండెను. ఒక్క మాట మారుటచే ఆరేండ్ల శ్రమ సగమయ్యెను. జాబితా ఎవరైనను వ్రాసికొనవచ్చును. రిజిస్టరునకు చట్టము బలము.

ఫెన్విక్ నిరాశ చెందలేదు. ఆ సంవత్సరమే ఒక నర్సింగ్ పత్రిక ఆ దంపతుల చేతికి రాగా, అదియే ఆమె ఆయుధమయ్యెను. 1899లో అంతర్జాతీయ నర్సుల సమాఖ్యకు తొలి అధ్యక్షురాలయ్యెను. 1901లో న్యూజీలండు ఇట్టి చట్టమును చేసెను. 1902లో ఇంగ్లండులోనే మంత్రసానులకు చట్టము వచ్చెను. నర్సులు మాత్రము వేచియుండిరి. ఆ మంత్రసానుల పాలక మండలిలో మంత్రసాని ఉండి తీరవలెనను నియమమే లేదు! తమ వృత్తిని తామే పాలించుకొనవలెనని ఫెన్విక్ పట్టుపట్టుటలో అర్థమున్నది.

1905లో పార్లమెంటు ఉపసంఘము పట్టిక అవసరమని తేల్చెను. 1908లో ప్రభువుల సభ బిల్లును ఆమోదించెను. అయినను అది చట్టము కాలేదు. ప్రపంచ యుద్ధము వచ్చెను. కొద్దిపాటి శిక్షణ గల స్వచ్ఛంద సేవికలు శిక్షితుల సరసన నిలువగా, ఎవరు నర్సు అను పాత ప్రశ్న మరల లేచెను. 1916లో ఏర్పడిన నర్సింగ్ కళాశాల సంఘమునకును ఫెన్విక్‌కును పొసగలేదు; ఇరువురు వేరువేరు బిల్లులు తెచ్చిరి. తుదకు మంత్రి క్రిస్టఫర్ ఆడిసన్ ప్రభుత్వము పక్షముననే బిల్లు తెచ్చెను. 1919 డిసెంబరు 23న అది చట్టమయ్యెను. 1921లో తెరచిన పట్టికలో మొదటి సంఖ్య ఆమెదే.

ఆ గెలుపు నిలువలేదు. ప్రతి దరఖాస్తును ఆమె కఠినముగా పరిశీలింపగా పని మందగించెను; పాలక మండలిలో కలహము పుట్టి పలువురు సభ్యులు రాజీనామా చేసిరి. తదుపరి ఎన్నికలో నర్సులే ఆమెను ఓడించిరి. తాను సంపాదించి యిచ్చిన ఓటుతోనే తన్ను తొలగించిరన్నమాట. ఆమెకు తన మాటయే వేదము; వినయము ఆమె గుణములలో చేరినది కాదు. మరియు ఆ చట్టము పట్టికలోని వారికి బిరుదు నిచ్చినది గాని, పట్టికలో లేనివారిని పని మాన్పలేదు. నర్సు అను పేరును వాడుటకు చట్టము హద్దు పెట్టినది 1943లో.

అప్పటికి ఆమెకు ఎనుబది ఆరేండ్లు. పత్రికను ఇంకను నడుపుచుండెను. ఆంధ్ర జిల్లాలు కలిసియున్న మద్రాసు రాజధానిలో 1926లోనే నర్సుల, మంత్రసానుల చట్టము వెలసెను. ఫెన్విక్ 1947 మార్చి 13న తొంబదవ యేట మరణించెను. ఆ యేడు చివరి దినమున, డిసెంబరు 31న, స్వతంత్ర భారతమున నర్సింగ్ కౌన్సిలు చట్టము వచ్చెను.