ఆనీ ఆల్బర్స్: అడగని మగ్గం

కౌన్సెలింగ్‌లో కోరుకున్న బ్రాంచ్ ఒకటి, వచ్చింది ఇంకోటి అయినవాళ్ళు మన క్లాసుల్లో తక్కువేం కాదు. వాళ్ళందరికీ నేను పరిచయం చేయాలనుకునే మనిషి ఆనీ ఆల్బర్స్. జర్మనీలో పుట్టిన చేనేత కళాకారిణి.

1899 జూన్ 12న బెర్లిన్‌లో, యూదు మూలాలున్న కలిగినవారి ఇంట్లో పుట్టింది. నాన్నది ఫర్నిచర్ వ్యాపారం. ఆ సుఖం వదులుకుని 1922లో వైమార్‌లోని బౌహౌస్ డిజైన్ స్కూల్లో చేరింది. ఆడామగా తేడా లేదని పైకి చెప్పిన స్కూలే అది. అయినా అమ్మాయిల్ని చాలావరకు నేత విభాగానికే పంపేవాళ్ళు. ఆనీ అడిగింది గాజు పని. దొరికింది మగ్గం. దారాలతో ఏం చేస్తాంలే అని మొదట్లో ఆమెకీ చిన్నచూపే.

అక్కడే ఉన్న చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్‌ని 1925లో పెళ్ళి చేసుకుంది. 1930లో ఆమెకి డిప్లొమా తెచ్చిన పని చూడండి. బెర్నావ్‌లో కార్మిక సంఘాల స్కూలు ఆడిటోరియంలో మాట ప్రతిధ్వనించకూడదు. దానికోసం గోడలకి కప్పే గుడ్డ ఒకటి నేసింది. వెనకవైపు నూగుగా ఉండే షెనీల్ శబ్దాన్ని పీల్చుకుంటుంది. ముందువైపు సెలోఫేన్ వెలుతుర్ని తిరిగి హాల్లోకి పంపుతుంది. ఒకే గుడ్డ, రెండు పనులు. నా కంటికి ఇది అచ్చమైన ఇంజనీరింగ్.

1933లో నాజీల ఒత్తిడికి బౌహౌస్ మూతపడింది. ఆ ఏడాదే దంపతులిద్దరూ అమెరికా వెళ్ళి, నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో చేరారు. ఆనీ అక్కడ నేత నేర్పింది. 1935 నుంచి మెక్సికో ప్రయాణాలు మొదలయ్యాయి. అక్కడి పల్లెల నేత, పాత కట్టడాలు, పెరూ ప్రాచీన వస్త్రాలు ఆమె చదువుని మళ్ళీ మొదలుపెట్టించాయి. నడుముకి కట్టుకుని నేసే పాతకాలపు మగ్గాన్ని క్లాసులోకి తెచ్చింది. మోంటే ఆల్బాన్ శిథిలాల పేరుతో 1936లో నేసిన వస్త్రంలో, పడుగు మీద అదనపు పేక పోగుని తేలుస్తూ గీతలు గీసినట్టు నేసింది. అక్కడి పురాతన నగలు చూసొచ్చి, అలెక్స్ రీడ్ అనే విద్యార్థితో కలిసి సింకు జాలీలు, పేపర్ క్లిప్పులతో హారాలు చేసింది!

1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె ఒక్కదాని పనితోనే ప్రదర్శన పెట్టింది. అక్కడ ఒక నేత కళాకారిణికి అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి. 1965లో నేత గురించి రాసిన పుస్తకాన్ని ఆమె అంకితమిచ్చింది మాత్రం ఏ ప్రొఫెసర్‌కీ కాదు. పేర్లు కూడా మిగలని ప్రాచీన పెరూ నేతగాళ్ళకి. వాళ్ళే తన గురువులని ఆమె నమ్మకం.

నాజీలు చంపిన 60 లక్షల మంది యూదుల జ్ఞాపకంగా 1966–67లో ఆరు నిలువు వస్త్రాలు నేసింది. నూలు, నార, మధ్యలో వెండి పోగు. బొమ్మలు లేవు, పేర్లు లేవు. నలుపు తెలుపుల్లో తడబడుతూ నడిచే పోగులు, అంతే. ఫోటోలో చూసినా నాకు గొంతులో ఏదో అడ్డుపడింది.

తర్వాత మగ్గం వదిలేసి ప్రింట్లు చేసింది. 1994 మే 9న, 94 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

అమ్మాయిలని చెప్పి నేతకి తోసేయడం న్యాయమని నేననను. ఆ స్కూలు చేసింది తప్పే. కానీ ఆమె ఆ కోపంతోనే ఆగిపోలేదు, చేతికొచ్చిన దారం ఏమేం చేయగలదో చివరిదాకా అడుగుతూ పోయింది. నచ్చని సబ్జెక్టుని ఆ మాత్రం ప్రశ్నలు మనం ఎప్పుడైనా అడిగామా?